ఒక హోల్ చెడితే తరువాతి మూడూ చెడుతున్నాయి: హ్యాండిక్యాప్ 19 దగ్గరే నిలిచిపోయింది

ప్రశ్న: బరంపురం సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను గంజాం జిల్లా బరంపురంలో ఉంటున్న బ్యాంకు ఉద్యోగిని. వయసు యాభై రెండేళ్లు, గోల్ఫు పట్టుకుని పదకొండేళ్లు. బ్యాంకులకు సెలవుండే రెండవ, నాలుగవ శనివారాలకు ముందు రోజు సాయంత్రం రైలెక్కి విశాఖపట్నం చేరి, మా బావమరిది ఇంట్లో పడుకుని, తెల్లవారగానే ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో పద్దెనిమిది హోళ్లు ఆడి, ఆదివారం తిరిగి వస్తాను. మిగిలిన రోజుల్లో డాబా మీద కట్టుకున్న వలలోకి ఐరన్ క్లబ్బులతో బంతులు కొట్టడం, రాత్రి భోజనమయ్యాక హాల్లో తివాచీ మీద పటింగ్ (బంతిని నేల మీద దొర్లించి గుంటలోకి వేయడం) చేయడం నా సాధన.

నా కష్టం ఇది. స్నేహితులతో ఆడినప్పుడు 90, 91 స్కోర్లు తేలికగానే వస్తాయి. పోటీ అనగానే, చేతిలో స్కోరు కార్డు పెట్టగానే అది 99 అవుతుంది, ఒక్కోసారి వంద దాటుతుంది. స్వింగులో లోపమని మొదట అనుకుని కోచ్ దగ్గర ఆరు నెలలు నేర్చుకున్నాను. స్వింగు కొంత బాగుపడింది కానీ హ్యాండిక్యాప్ (నిపుణుడి కన్నా ఎన్ని స్ట్రోకులు ఎక్కువ పడతాయో చెప్పే అంకె, తగ్గితే మేలు) మాత్రం 19 దగ్గర నుంచి కదలలేదు. గత నెల పోటీలో జరిగింది చెబితే మీకు స్పష్టంగా అర్థమవుతుంది. ఆరు హోళ్ల దాకా హాయిగా ఆడాను. తరువాతి పార్-4 హోల్లో (నిపుణుడు నాలుగు స్ట్రోకుల్లో ముగించవలసిన హోల్) టీ దగ్గర, అంటే హోల్ మొదలయ్యే చోటు నుంచి వరుసగా రెండు బంతులు చెట్లలోకి కొట్టి పోగొట్టుకుని, చివరికి తొమ్మిది రాసుకున్నాను. ఆ తరువాతి మూడు హోళ్లు పార్-4, పార్-3, పార్-5. వాటిలో వరుసగా 7, 6, 8 వచ్చాయి. ఆ మూడింటిలోనూ బంతి ఎక్కడా పోలేదు, నీళ్లలో పడలేదు. నేనే, నా లోపల, అక్కడ లేను.

దీని మీద ఇంగ్లీషులో చదవడానికి చాలా దొరుకుతుంది, కొంత చదివాను కూడా. అయితే మైదానంలో నన్ను నేను తిట్టుకునేది తెలుగులో. చెడు షాటు పడిన మరుక్షణం నోట వచ్చే మాట "ఛీ, నీ బతుకింతే" అన్నది. ఆ మాటకు మందు నా భాషలోనే ఎవరైనా చెప్పగలరేమోనని ఇక్కడ అడుగుతున్నాను. మనసును ఎలా సాధన చేయించాలి? హ్యాండిక్యాప్ 15కు తేవాలని కోరిక.

జవాబు: రాయగడ సభ్యుడు

బరంపురం బాబు గారికి, నేను రాయగడలో కాగితపు మిల్లులో ఇంజనీరుగా చేసి పదవీ విరమణ చేసినవాడిని. లెక్కలతో బతికినవాడిని కనుక ముందుగా మీ లెక్కే చూస్తాను. మీరు రాసిన ఆ నాలుగు అంకెల్లోనే మీ జవాబు సగం ఉంది.

2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో, ఒక హోల్లో మీరు ఎన్ని కొట్టినా హ్యాండిక్యాప్ లెక్కకు తీసుకునే గరిష్ఠ స్కోరు ఒకటి ఉంటుంది. పార్‌కు రెండు కలిపి, దానికి ఆ హోల్లో మీకు వచ్చే హ్యాండిక్యాప్ స్ట్రోకులు కలపాలి. మైదానానికి సరిపోల్చిన మీ హ్యాండిక్యాప్ 19 అనుకుంటే, అన్నిటికన్నా కష్టమైన హోల్లో రెండు స్ట్రోకులు, మిగిలిన పదిహేడు హోళ్లలో ఒక్కొక్కటి వస్తాయి. అంటే సాధారణమైన పార్-4 హోల్లో మీ గరిష్ఠం నాలుగు, రెండు, ఒకటి కలిపి ఏడు. మీరు రాసుకున్న తొమ్మిది, హ్యాండిక్యాప్ లెక్కలోకి వచ్చేసరికి ఏడే. ఆ పోటీ ఫలితంలో తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది, అందులో మార్పు లేదు. కానీ మీరు అడిగినది హ్యాండిక్యాప్ గురించి.

ఇప్పుడు చూడండి. మీ స్థాయి ఆటగాడు ఆ హోల్లో సహజంగా ఐదు కొడతాడు, కాబట్టి అక్కడ మీకు పడిన నిజమైన దెబ్బ రెండు స్ట్రోకులు. తరువాతి మూడు హోళ్లలో 5, 4, 6 రావలసిన చోట 7, 6, 8 వచ్చాయి. అవి గరిష్ఠాన్ని దాటలేదు కనుక ఒక్కటి కూడా తగ్గదు, ఆరు స్ట్రోకులూ లెక్కలో పడ్డాయి. రెండు బంతులు పోగొట్టుకున్న హోల్లో ఎక్కువైన నాలుగు స్ట్రోకుల్లో సగాన్ని నియమం క్షమించింది. దాన్ని క్షమించని మీరు ఆ మూడు హోళ్లలో ఆరు చెల్లించారు.

ఇంకొక మాట. మీ హ్యాండిక్యాప్ సూచిక చివరి ఇరవై రౌండ్లలో అత్యుత్తమమైన ఎనిమిదింటి సగటు. మిగిలిన పన్నెండు ఎంత చెడ్డవైనా వాటి బరువు ఆ సగటు మీద పడదు. అందువల్ల "ఈ రౌండు పాడైతే అంతా పోతుంది" అనే భయానికి ఈ విధానంలో ఆధారమే లేదు. కార్డు చేతికి రాగానే మీ చేతులు బిగుసుకుపోవడానికి ఈ భయం ఒక కారణమై ఉంటుందని నా ఊహ. ఈ సంగతి ఒక కాగితం మీద మీ చేత్తో రాసి గోల్ఫు సంచీలో పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

2025 మాస్టర్స్ గోల్ఫు పోటీ చివరి రోజు రోరీ మెకిల్రాయ్ ఆట మీరు చూసే ఉంటారు. మొదటి హోల్లోనే డబుల్ బోగీ (పార్ కన్నా రెండు ఎక్కువ), పదమూడవ హోల్లో మళ్లీ డబుల్ బోగీ. అయినా జస్టిన్ రోజ్‌తో ప్లేఆఫ్ దాకా వెళ్లి గెలిచాడు. ఇదే మనిషి 2011లో అదే మైదానంలో నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి, పదవ హోల్లో ట్రిపుల్ బోగీ చేసి, ఆ తరువాత నిలదొక్కుకోలేక 80 కొట్టాడు. పద్నాలుగేళ్ల తరువాత కూడా అతనికి చెడ్డ హోళ్లు వచ్చాయి. వాటి పక్కనున్న హోళ్లలో తేడా వచ్చింది. నేనైతే మీ హ్యాండిక్యాప్‌కు గురి 15 అని పెట్టను. చెడ్డ హోల్ తరువాతి హోల్ ఎలా ఆడారన్నది ఒక్కటే రెండు నెలల పాటు రాసుకోమంటాను.

జవాబు: పర్లాకిమిడి సభ్యురాలు

నమస్కారమండీ. నేను కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. మా నాన్నగారు సైన్యంలో పనిచేసిన రోజుల్లో కంటోన్మెంటు మైదానాల్లో ఆయన వెంట తిరిగి ఈ ఆట నేర్చుకున్నాను. రాయగడ పెద్దాయన లెక్క చెప్పారు కనుక, ఆ లెక్కను శరీరం ఎలా అమలు చేయాలన్నది నేను చెబుతాను.

మొదటిది, మీరు చెప్పిన ఆ తిట్టు. "నీ బతుకింతే" అన్న మాటలో జరిగిన షాటు గురించి ఒక్క సమాచారం కూడా లేదు. బంతి కుడికి పోయిందా, గాలి తగిలిందా, క్లబ్బు పొరపాటుగా ఎంచుకున్నారా అన్నది అందులో లేదు. అది తీర్పు, అదీ మనిషి మొత్తం మీద ఇచ్చిన తీర్పు. ఆ మాటను పూర్తిగా మానేయమని నేను అనను, ఎందుకంటే మానాలన్న ప్రయత్నంలో దాన్నే తలుచుకుంటారు. దాని స్థానంలో ఒక వాక్యం పెట్టుకోండి, అందులో షాటు గురించి ఒక వాస్తవం ఉండాలి. "కుడికి పోయింది, భుజం ముందే తెరుచుకుంది" అని చాలు. కోపం రావడం సహజం. టైగర్ వుడ్స్ తనకు పది అడుగులు వేసేంత వరకు కోపానికి అనుమతి ఇచ్చుకుని, ఆ తరువాత వదిలేసేవాడినని చెప్పాడు. మీరు కూడా ఒక హద్దు పెట్టుకోండి. నాకు హద్దు క్లబ్బును తుడిచి సంచీలో పెట్టడం. గుడ్డతో తుడిచినంతసేపు ఏమైనా అనుకోవచ్చు, క్లబ్బు సంచీలోకి దిగాక ఆ షాటు గురించి మాట ఉండదు. మొదట్లో నేను ఒకే క్లబ్బును రెండు నిమిషాలు తుడిచిన రోజులున్నాయి, క్రమంగా తగ్గింది.

రెండవది, షాటుకు ముందు చేసే క్రమం. జాక్ నిక్లస్ సాధనలో కూడా, తన మనసులో స్పష్టమైన బొమ్మ కనిపించకుండా ఒక్క షాటు కొట్టలేదని 1974లోనే రాశాడు. ముందు బంతి చివరికి ఎక్కడ ఆగాలో, తరువాత అది గాలిలో వెళ్లే దారి, ఆ తరువాత ఆ దారికి తగిన స్వింగు అతనికి కనిపించేవి. మనలాంటి వారికి అంత స్పష్టమైన బొమ్మ రాకపోయినా క్రమం మాత్రం చేతనవుతుంది. బంతి వెనుక నిలబడినప్పుడు అన్ని నిర్ణయాలూ జరిగిపోవాలి. దూరం, గాలి, క్లబ్బు, గురి అన్నీ అక్కడే తేలాలి. బంతి పక్కకు అడుగు వేసిన తరువాత నిర్ణయించవలసినది ఏదీ మిగలకూడదు. పక్కకు వచ్చాక ఏదైనా సందేహం కలిగితే మళ్లీ వెనక్కి వెళ్లండి, సందేహంతో మాత్రం కొట్టకండి. నియమావళి 2019 నుంచి ఒక స్ట్రోకుకు నలభై సెకన్లకు మించవద్దని సూచిస్తోంది, కాబట్టి మీ క్రమం ఇరవై, ఇరవై ఐదు సెకన్లలో ముగిసేలా చూసుకుంటే మీ వెనుక వచ్చే వారికీ ఇబ్బంది ఉండదు.

మూడవది చూపు, ధ్యాస. ఇది పటింగ్‌లో ముఖ్యం. కెనడాకు చెందిన పరిశోధకురాలు జోన్ విక్కర్స్ 1992లో ఆటగాళ్ల కంటి కదలికలను కొలిచి, నైపుణ్యం గలవారి చూపు స్ట్రోకుకు ముందు బంతి మీద ఎక్కువసేపు, దాదాపు రెండు సెకన్ల పాటు నిలకడగా ఉంటుందని, తక్కువ నైపుణ్యం గలవారి చూపు బంతికీ పటర్‌కూ మధ్య పరుగులు తీస్తుందని చూపారు. ధ్యాస గురించి 1999లో గాబ్రియేల్ వుల్ఫ్ బృందం కొత్తవారికి చిన్న పిచ్ షాట్లు నేర్పి చూసినప్పుడు, చేతుల కదలిక మీద ధ్యాస పెట్టినవారికన్నా క్లబ్బు కదలిక మీద పెట్టినవారు బాగా నేర్చుకున్నారు. ఒత్తిడి వచ్చినప్పుడు మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మోచేయి ఎక్కడుంది, మణికట్టు ఎలా ఉందని లోపలికి చూసుకుంటాం. ఏళ్ల తరబడి దానంతట అది జరిగే పనిని ముక్కలు చేసి చూడటం వల్లనే అది చెడుతుంది.

చివరిగా తివాచీ గురించి ఒక అభ్యంతరం. హాల్లో వరుసగా యాభై బంతులు కొట్టడం చేతికి సాధన కావచ్చు కానీ మనసుకు కాదు. ఒకే ఒక బంతి తీసుకోండి. ప్రతిసారీ వెనుకకు వెళ్లి, గీతను చూసి, ఊపిరి నెమ్మదిగా, లోపలికి తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు బయటకు వదిలి, పక్కకు వచ్చి, బంతి మీద చూపు నిలిపి కొట్టండి. పదిసార్లు చాలు. పోటీలో మీకు తోడుండేది ఆ పదే.

బరంపురం సభ్యుడు

మాస్టారికీ, మేడమ్ గారికీ కృతజ్ఞతలు. రాయగడ మాస్టారి లెక్క చదివి నా పాత కార్డులు పదకొండు బయటకు తీశాను. తొమ్మిది కార్డుల్లో అదే కథ: ఒక పెద్ద అంకె, దాని వెంట రెండు మూడు మామూలుకన్నా చెడ్డ అంకెలు. ఇన్నేళ్లుగా కార్డు చివరి మొత్తాన్నే చూశాను తప్ప అంకెల వరుసను చూడలేదు. ఒక సందేహం ఉంది. ఆ మూడు హోళ్లలో నాకు కోపం కన్నా, పోయినది రాబట్టుకోవాలన్న తొందర ఎక్కువగా ఉన్నట్టు తోస్తోంది. అదీ ఇదీ ఒకటేనా?

జవాబు: బల్లార్‌పూర్ సభ్యుడు

ఒకటి కాదండీ, మీ సందేహం సరైనది. నేను మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా వాడిని, మా పూర్వీకులు కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. నాగపూర్ వెళ్లి ఆడతాను. నా ఉద్దేశంలో మనం "మానసికం" అని పిలిచే దానిలో చాలా భాగం తప్పుడు నిర్ణయం. మనసు కుదుటగా ఉండి కూడా తప్పుడు నిర్ణయం తీసుకోవచ్చు.

1999లో స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్ గోల్ఫు పోటీలో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కు మూడు స్ట్రోకుల ఆధిక్యంతో వచ్చాడు. పార్-4 హోల్లో ఆరు కొట్టినా టైటిల్ అతనిదే. అయినా టీ దగ్గర డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) తీశాడు, రెండవ షాటుకు వాగుకు ఇవతల ఆపుకోకుండా 2-ఐరన్‌తో నేరుగా గ్రీన్ (గుంట ఉండే నున్నటి పచ్చిక) వైపు కొట్టాడు. బంతి ప్రేక్షకుల గ్యాలరీకి తగిలి వెనక్కి వచ్చి దట్టమైన గడ్డిలో పడింది, మూడవ షాటు వాగులోకి పోయింది, చివరికి ఏడు రాసి, ప్లేఆఫ్‌లో పాల్ లారీకి టైటిల్ వదులుకున్నాడు. అందరూ అతని నరాలు చచ్చుబడ్డాయంటారు. నాకైతే అతను భయపడినట్టు అనిపించదు. ఆ రెండు షాట్లూ నిర్భయంగానే కొట్టాడు. చేతిలో ఎంత ఉందో, దానికి ఎంత చాలో లెక్క చూసుకోలేదు.

మీ రెండు బంతులు చెట్లలోకి పోయిన టీ దగ్గర రెండవసారి ఏ క్లబ్బు తీశారు? అదే డ్రైవర్ అయితే, చెడింది ఆ తరువాతి మూడు హోళ్లలో కాదు, అక్కడే. పోయినది వెంటనే రాబట్టాలన్న తొందరకు విరుగుడు ఇది: పెద్ద అంకె రాసిన తరువాతి హోల్లో డ్రైవర్ సంచీలోంచి తీయకూడదని నియమం పెట్టుకోండి. 5-ఐరన్‌తో మొదలుపెట్టి, మూడవ షాటుకు గ్రీన్ చేరి, రెండు పట్లతో ఐదు కొట్టి బయటపడండి. పార్-4 హోల్లో మీ హ్యాండిక్యాప్ స్ట్రోకు తీసేస్తే ఆ ఐదు పార్‌తో సమానం, అంటే నెట్ పార్, కనుక నష్టమేమీ లేదు.

గ్రీన్ మీద కూడా ఆశకు హద్దు ఉండాలి. ఎనిమిది అడుగుల పట్‌ను అమెరికాలోని పీజీఏ టూర్ వృత్తి ఆటగాళ్లే సగం సార్లు మాత్రమే వేస్తారని గోల్ఫు గణాంకాల పరిశోధకుడు మార్క్ బ్రోడీ లెక్కలు చెబుతాయి. ఆ పట్ పోయిందని మనం తల పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు. అదే మనిషి లెక్కల్లో ఆటగాళ్ల మధ్య తేడా ఎక్కువ భాగం దూరపు షాట్లలోనే ఉందని కూడా తేలింది, కాబట్టి డాబా మీది ఐరన్ల సాధన మానవద్దు.

ఇంకొకటి అడుగుతాను. మీ కార్డుల్లో పెద్ద అంకెలు ఏ హోళ్లలో ఉన్నాయి? పన్నెండు దాటిన తరువాత ఎక్కువగా ఉంటే, అది మనసు కాక ఒళ్లు కావచ్చు. మా చంద్రాపూర్ ఎండలు మీకు తెలిసే ఉంటాయి. ఇక్కడ ఏప్రిల్‌లో ఆడిన నాకు పద్నాలుగవ హోల్లో వచ్చే చిరాకు సగం ఆకలి, సగం దాహం అని చాలా ఆలస్యంగా తెలిసింది. మీ తీరం ఉక్కపోతలో చెమట ఇంకా ఎక్కువ పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ సీసా, రెండు అరటిపండ్లు సంచీలో పెట్టుకుని, దాహం వేసేదాకా ఆగకుండా నాలుగు హోళ్లకోసారి తీసుకోండి.

జవాబు: బరంపురం నుంచి మరొక సభ్యుడు

మన ఊరి వారే కనుక చిన్న మాట చెబుతాను. నాకు గోల్ఫు అంతగా రాదు, గోపాలపూర్‌లో స్నేహితుని వెంట కొన్నిసార్లు క్లబ్బు పట్టుకున్నాను. మా నాన్నగారు పట్టు మగ్గం నేసేవారు. పడుగులో పోగు తెగితే ఆయన నాడె ఆపి, పోగు వెతికి, ముడివేసి, ముడిని వేలితో ఒకసారి తడిమి, మళ్లీ మొదటి పేక వేసేటప్పుడు మాత్రం చాలా నెమ్మదిగా వేసేవారు. ఆలస్యమైంది కదా అని అక్కడ జోరు పెంచితే పక్క పోగులు కూడా తెగుతాయని మాకు చెప్పేవారు. పైన బల్లార్‌పూర్ వారు డ్రైవర్ గురించి రాసినది చదువుతుంటే ఆ మొదటి పేక గుర్తొచ్చింది.

బరంపురం సభ్యుడు

ఏడు వారాల తరువాత రాస్తున్నాను. ముందుగా బల్లార్‌పూర్ వారి ప్రశ్నకు జవాబు: అవును, రెండవసారి కూడా డ్రైవరే తీశాను. మూడవసారి కూడా. ఆ ప్రశ్న చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. పెద్ద అంకెలు మాత్రం పద్దెనిమిది హోళ్లలో అన్ని చోట్లా చెదిరి ఉన్నాయి, కానీ చివరి ఐదు హోళ్లలో వచ్చినవి దాదాపు అన్నీ ఎండాకాలపు కార్డుల్లోవే. మజ్జిగ సీసా ఇప్పుడు సంచీలో ఉంటోంది.

ఈ మధ్య నాలుగు రౌండ్లు ఆడాను, అందులో రెండు పోటీలు. స్కోర్లు వరుసగా 93, 96, 91, 94. పోటీ రౌండ్లు 96, 94. మొత్తం అంకె చూస్తే పెద్ద మార్పుగా కనిపించదు. రాయగడ మాస్టారు చెప్పినట్టు చెడ్డ హోల్ తరువాతి హోల్‌ను వేరే గడిలో రాస్తున్నాను. నాలుగు రౌండ్లలో అలాంటివి తొమ్మిది వచ్చాయి. ఆరింటిలో నెట్ పార్, రెండింటిలో ఒకటి ఎక్కువ, ఒక్కదానిలో మాత్రం మూడు ఎక్కువ. ఆ ఒక్కటి 96 కొట్టిన పోటీలోది. అక్కడ నియమం మరిచి డ్రైవర్ తీశాను, మరిచానని బంతి గాలిలో ఉండగా గుర్తొచ్చింది.

మేడమ్ గారికి ఒక విన్నపం. క్లబ్బు తుడవడం నాకు బాగా కుదిరింది. "నీ బతుకింతే" అన్న మాట ఇంకా వస్తూనే ఉంది కానీ గుడ్డ పక్కన పెట్టేలోగా "కుడికి పోయింది" అనే మాట కూడా వస్తోంది, ఒక్కోసారి అదే ముందు వస్తోంది. అయితే పటింగ్‌లో రెండు సెకన్లు చూపు నిలపడం తివాచీ మీద కుదురుతోంది కానీ మైదానంలో నాలుగు అడుగుల లోపు పట్లకు కుదరడం లేదు. బంతి కదిలే లోపే తల లేచిపోతోంది. మా అమ్మాయి ఫోనులో చిత్రీకరించి చూపించింది. దూరపు పట్లకు ఈ సమస్య లేదు. దగ్గరివాటికే ఎందుకు వస్తోందో, దానికి వేరే సాధన ఏదైనా ఉందో చెప్పగలరా? వచ్చే నెల రెండవ శనివారం మళ్లీ పోటీ ఉంది, అప్పటిదాకా రోజూ రాత్రి ఆ పదీ చేస్తూ ఉంటాను.

పర్లాకిమిడి సభ్యురాలు

దగ్గరి పట్ వేయకపోతే తప్పు అనిపిస్తుంది, దూరపు పట్ వేయకపోతే తప్పు అనిపించదు. అందుకే ఫలితం చూడాలన్న ఆత్రం దగ్గరిదానికే ఎక్కువ. మీరు తివాచీ మీద మూడు అడుగుల దూరంలో గ్లాసు పెట్టి, బంతి కొట్టిన తరువాత గ్లాసు చప్పుడు చెవితో వినేదాకా కళ్లు బంతి ఉన్న చోటునే ఉంచండి. చూడవద్దు, వినండి. పది బంతుల్లో ఎన్నింటికి తల లేవలేదో మీ అమ్మాయిని లెక్కించమనండి, ఎన్ని గ్లాసుకు తగిలాయో లెక్కించవద్దనండి. రెండవ శనివారం నేను కూడా విశాఖలోనే ఉంటాను, వీలైతే సాధన గ్రీన్ మీద ఉదయం ఆరింటికి కలుద్దాం.